బర్రెకు బీమా ఉంది, పాలు పిండే మనిషికేదీ?

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాల్లో వానలు మొహం చాటేసిన ఏడు ఇల్లు నడిపేది పాడే. చెల్క ఎండినా బర్రె పాలిస్తే ఉప్పూ పప్పూ వస్తాయి. పల్లెల్లో తెల్లవారకముందే పిండిన పాలు హైదరాబాదు దాకా పోతున్నాయి. ఆ పాలు పిండే చేతుల సంగతే ఎవరికీ పట్టడం లేదు. బర్రె తన్ని పన్ను ఊడినా, కొమ్ము తగిలి పక్కటెముక విరిగినా ‘పశువుల పనిలో ఇవి మామూలే’ అని సరిపెట్టుకుంటున్నారు.

అయితే చాలా ప్రమాదాలు తప్పించుకోదగినవే. పశువుకు చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది గాని, సరిగ్గా తోక వెనుక నిలబడ్డ మనిషి కనిపించడు. చప్పుడు చేయకుండా వెనుక నుంచి చెయ్యి వేస్తే బెదిరి తన్నుతుంది. పిలుస్తూ పక్క నుంచి వచ్చి, వీపు నిమిరి, ఆ తర్వాతే పొదుగు దగ్గర కూర్చోవాలి. ఎన్నడూ తన్నని బర్రె తన్నిందంటే చన్ను పగిలిందేమో, పొదుగు వాచిందేమో చూడాలి. కర్రతో కొడితే దాని బెదురు పెరుగుతుందే తప్ప తగ్గదు. కొత్తగా ఈనిన ఆవు దగ్గర దూడను ఒంటరిగా పట్టుకోబోరాదు. పలుపును చేతికి చుట్టుకోవడం మరీ ప్రమాదం. పశువు పరుగు తీస్తే వేళ్లు తెగుతాయి, మనిషిని ఈడ్చుకుపోతుంది.

కంటికి కనిపించని ముప్పు మరొకటి. ఈసుకుపోయిన పశువు మాయను ఉత్త చేతులతో తీసేవారికి బ్రూసెల్లోసిస్ సోకవచ్చు. వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్లనొప్పులు నెలల తరబడి వేధిస్తాయి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. మాయను కుక్కలకు వేయక సున్నం చల్లి లోతుగా పాతిపెట్టాలి. పచ్చిపాలు తాగరాదు. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్యదూడలకు ఒక్కసారి టీకా వేయిస్తే ఈ రోగాన్ని అడ్డుకోవచ్చు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా కూడా ఉంది.

పశువు చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తుంటే గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టేవారున్నారు. అది పిచ్చికుక్క కాటు వల్ల వచ్చిన రేబిస్ కావచ్చు. అలాంటి పశువు చొంగ గాయానికి తగిలితే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోవాలి. రోగం బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కొమ్ము గాయమైతే ధనుర్వాతం సూది మరువరాదు.

ఇక పరిహారం మాట. బ్యాంకు అప్పుతో కొన్న బర్రె చెవికి బీమా పోగు ఉంటుంది. 2018లో వచ్చిన రైతు బీమా పట్టా భూమి ఉన్నవారికే. సెంటు భూమి లేని జీతగాడికి అది వర్తించదు. అతనికి అందుబాటులో ఉన్నది 2015లో మొదలైన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన. 18 నుంచి 70 ఏళ్లలోపు వారు బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కట్టవచ్చు. ప్రమాదంలో మరణిస్తే ఇంటివారికి 2 లక్షలు, ఒక కన్నో, చెయ్యో, కాలో పూర్తిగా కోల్పోతే లక్ష వస్తుంది. దెబ్బ తగిలిన రోజే ఆసుపత్రిలో చూపించుకుని, ఆ కాగితాలు దాచుకోవాలి.

జీతగాణ్ణి పెట్టుకున్న ఆసామి ఆ 20 రూపాయలు తానే కట్టినా అరలీటరు పాల ఖర్చే అవుతుంది.