గోటి చుట్టూ పులిపిర్లు: తొందరపడితే గోరుకే ముప్పు

పులిపిర్లు ఒంటి మీద ఎక్కడైనా మొలుస్తాయి. గోటి చుట్టూ, గోటి కింద వచ్చేవి మాత్రం మిగతావాటికన్నా మొండివి. మోచేతి మీదో మోకాలి మీదో వచ్చిన పులిపిరి చాలాసార్లు నొప్పి లేకుండా ఉండి, ఎప్పుడో దానంతటదే రాలిపోతుంది. గోటి అంచున వచ్చినది పగుళ్లు తీసి సలుపుతుంది, పోయినట్టే పోయి అదే చోట మళ్లీ లేస్తుంది, గోరు ఆకారాన్ని కూడా మార్చేస్తుంది. దాన్ని ఎలాగైనా వదిలించుకోవాలని మొరటు వైద్యం చేస్తే పులిపిరి పోయినా గోరు జీవితాంతం వంకరగా పెరగవచ్చు.

కారణం ఒక వైరస్

పులిపిర్లకు కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్. దీన్నే హెచ్‌పీవీ అంటారు. 1907లో ఇటలీ వైద్యుడు జుసెప్పే చూఫో పులిపిరిని నూరి, బ్యాక్టీరియా కూడా దాటలేని వడపోతలో వడగట్టి, ఆ ద్రవాన్ని చర్మంలోకి ఎక్కించాడు. అక్కడ పులిపిరి లేచింది. దీంతో ఇది బ్యాక్టీరియాకన్నా చిన్న సూక్ష్మజీవి పని అని తేలింది. 1949లో శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పులిపిరిలోని వైరస్ కణాలను చూడగలిగారు.

హెచ్‌పీవీలో 200కు పైగా రకాలున్నాయి. గోళ్ల దగ్గర వచ్చే పులిపిర్లకు ఎక్కువగా 1, 2, 4, 27, 57 రకాలు కారణం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు వేరు. కాబట్టి పిల్లల వేలి మీద పులిపిరి కనబడగానే క్యాన్సర్ వైరస్ సోకిందని హడలిపోనక్కర్లేదు.

ఈ వైరస్ గాయం లేని చర్మంలోకి చొరబడలేదు. దానికి గీరుకుపోయిన చోటో, కంటికి కనబడనంత సన్నటి పగులో కావాలి. ఆ దారిన చర్మపు పైపొర అడుగున ఉన్న కణాల్లోకి చేరి, అవి అదుపు తప్పి పెరిగేలా చేస్తుంది. ఆ కణాలు పైకి వచ్చేకొద్దీ చర్మం దళసరెక్కి, గరుకైన కాయలా పైకి లేస్తుంది. రాలే పొట్టులో వైరస్ ఉంటుంది, అది తగిలిన చోట మరో పులిపిరి లేవవచ్చు. వైరస్ రక్తంలోకి వెళ్లదు, కణాలను చంపి వాపు కూడా తేదు. అందువల్ల రోగనిరోధక వ్యవస్థ దాన్ని పసిగట్టడానికే నెలలు పడుతుంది. వైరస్ సోకినప్పటి నుంచి పులిపిరి కనబడేదాకా సాధారణంగా రెండు నుంచి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పైగా పడుతుంది. ఎక్కడ, ఎవరి నుంచి అంటుకుందో చాలామంది చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

గోళ్ల దగ్గరే ఎందుకు?

గోటి మొదట్లో గోరుకూ చర్మానికీ మధ్య సన్నని పొర ఉంటుంది. నీళ్లు, మురికి, సూక్ష్మజీవులు లోపలికి పోకుండా అడ్డుకునేది అదే. అది చిట్లితే వైరస్‌కు దారి దొరుకుతుంది. గోళ్లు కొరికే అలవాటు, గోటి పక్కన లేచిన తోలును పళ్లతోనో చేత్తోనో లాగేయడం, మ్యానిక్యూర్ పేరుతో ఆ పొరను కత్తిరించడం ముఖ్యమైన కారణాలు. గోళ్లు కొరికే పిల్లల్లో ఒక వేలి నుంచి మరో వేలికీ, పెదవులకూ పులిపిర్లు పాకడం తరచూ కనిపిస్తుంది.

రోజంతా చేతులు నీళ్లలో నానే పనులూ ఇదే దారి తీస్తాయి. అంట్లు తోమేవారు, హోటళ్ల వంటగదుల్లో పనిచేసేవారు, చేపలు శుభ్రం చేసేవారు, మాంసం కొట్టేవారికి ఇవి ఎక్కువ. నానిన చర్మం మెత్తబడి సులువుగా చిట్లుతుంది. మాంసం కొట్టేవారి చేతుల మీద హెచ్‌పీవీ 7వ రకం తెచ్చే పులిపిర్లు ప్రత్యేకంగా కనిపిస్తాయి. కిడ్నీ మార్పిడి తర్వాత మందులు వాడుతున్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు వంటి రోగనిరోధక శక్తి తగ్గినవారిలో పులిపిర్లు ఎక్కువగా వస్తాయి, ఓ పట్టాన తగ్గవు.

ఎలా కనిపిస్తాయి?

మొదట ఆవగింజంత, నున్నటి, చర్మపు రంగు బుడిపె కనిపిస్తుంది. వారాలు గడిచేకొద్దీ అది పెరిగి, గరుకుగా మారి, బూడిద లేదా గోధుమ రంగుకు తిరుగుతుంది. పక్కపక్కన లేచినవి కలిసిపోయి గోటి అంచు వెంట దిమ్మలా కట్టవచ్చు. పగుళ్లు తీసినప్పుడు నొప్పి పుడుతుంది. పగుళ్లలోంచి బ్యాక్టీరియా చేరితే ఎర్రబడి వాచి చీము పడుతుంది.

గోటి కిందికి పాకిన పులిపిరి గోరును దాని పడక నుంచి పైకి లేపుతుంది. గోటి మొదట్లో, చర్మం కింద, మ్యాట్రిక్స్ అనే గోటి మూలం ఉంటుంది. గోరు పుట్టేది అక్కడే. దాని మీద ఒత్తిడి పడితే గోటి మీద గాడులు, గీతలు ఏర్పడతాయి. పులిపిరి పోయి ఒత్తిడి తగ్గితే గోరు చాలావరకు మామూలుగా పెరుగుతుంది. మూలమే దెబ్బతింటే మాత్రం ఆ లోపం పోదు.

నిర్ధారణ

అనుభవమున్న చర్మవ్యాధి నిపుణులు చాలామటుకు చూడగానే గుర్తుపడతారు. అనుమానముంటే పైనున్న గట్టి పొరను బ్లేడుతో పలచగా చెక్కి చూస్తారు. అప్పుడు రెండు గుర్తులు బయటపడతాయి. మొదటిది, వేలిముద్రల్లో కనిపించే చర్మపు గీతలు పులిపిరి అంచుదాకా వచ్చి ఆగిపోతాయి. రెండోది, లోపల గసగసాల్లాంటి నల్లటి చుక్కలు. అవి పులిపిరి వేర్లు కావు, గడ్డకట్టిన రక్తంతో నిండిన సన్నటి రక్తనాళాలు. ఇంకాస్త చెక్కితే ఆ చుక్కల దగ్గరే సూదిమొనంత రక్తం చిమ్ముతుంది. డెర్మోస్కోపు అనే భూతద్దం లాంటి పరికరంతో ఈ గుర్తులు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి.

ఆనెలకూ పులిపిరికీ తేడా ఇక్కడే తెలుస్తుంది. ఆనె మీద చర్మపు గీతలు తెగవు, నల్ల చుక్కలూ ఉండవు.

గోటి దగ్గర పులిపిరిలా కనిపించేవన్నీ పులిపిర్లు కావు. గోటి కింద ఎముక పెరిగి గట్టి బుడిపెలా పైకి తోసుకురావచ్చు. ఎక్స్‌రేలో అది తేలిపోతుంది. మన దేశంలో పులిపిరిని పోలిన ఒక రకం చర్మపు క్షయనూ గుర్తుంచుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చర్మ క్యాన్సర్. బోవెన్స్ వ్యాధి అనే క్యాన్సర్ తొలి దశ గోటి చుట్టూ అచ్చం పులిపిరిలాగే ఉంటుంది. చాలా కేసుల్లో దానికి హెచ్‌పీవీ 16వ రకంతో సంబంధం ఉంటుంది. కొందరు దాన్ని పులిపిరి అనుకుని ఏళ్ల తరబడి మందులు రాస్తూ ఉండిపోతారు. నడివయసు దాటినవారిలో ఒకే వేలికి కొత్తగా పులిపిరి లాంటిది వచ్చినా, నెలల తరబడి చికిత్స చేసినా తగ్గకపోయినా, పుండు పడినా, రక్తం కారుతున్నా, గోటి మీద కొత్తగా నల్లటి గీత కనబడినా చిన్న ముక్క తీసి బయాప్సీ పరీక్ష చేయించాలి. ఈ ఒక్క జాగ్రత్త వేలిని కాపాడుతుంది.

చికిత్స: ముందు ఓపిక

పులిపిరి వైరస్‌ను నేరుగా చంపే మందు ఇంతవరకు లేదు. ఉన్న చికిత్సలన్నీ వైరస్ పట్టిన చర్మాన్ని తొలగించేవో, శరీరపు రోగనిరోధక శక్తిని అటు మళ్లించేవో. పిల్లల్లో సుమారు మూడింట రెండు వంతుల పులిపిర్లు రెండేళ్లలో వాటంతటవే పోతాయి. నొప్పి లేకుండా, పాకకుండా ఉంటే చిన్నపిల్లలకు వేచి చూడటమూ ఒక చికిత్సే. నొప్పి ఉన్నా, గోటి కిందికి పాకుతున్నా, ఇతర వేళ్లకు వస్తున్నా చికిత్స మొదలుపెట్టాలి.

మొదట వాడేది శాలిసిలిక్ యాసిడ్. సుమారు 17 శాతం గాఢత ఉన్న ద్రావణాలు మందుల షాపుల్లో దొరుకుతాయి. 85 ప్రయోగాలను కలిపి పరిశీలించిన 2012 నాటి కాక్రేన్ సమీక్షలో ఈ మందుకే నమ్మదగిన ఆధారం దొరికింది. వాడే పద్ధతిలోనే ఫలితం ఉంది. రాత్రి పడుకోబోయే ముందు వేలిని ఐదు నుంచి పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. మెత్తబడిన పొరను ఆకురాయి లాంటి గోళ్ల ఫైలుతో రక్తం రాకుండా అరగదీయాలి. చుట్టూ ఉన్న మంచి చర్మానికి వ్యాజ్‌లీన్ రాసి, పులిపిరి మీద మాత్రమే చుక్క మందు వేసి, ఆరాక ప్లాస్టర్ చుట్టాలి. రోజూ ఇలాగే చేస్తూ పోతే సుమారు 12 వారాలకు ఫలితం కనిపిస్తుంది. రెండు వారాలు వాడి పనిచేయలేదని మానేయడం అందరూ చేసే పొరపాటు. పులిపిరికి వాడిన ఫైలును మామూలు గోళ్లకు వాడకూడదు. షుగర్ వ్యాధి వల్లో, కుష్ఠు వల్లో వేళ్లకు స్పర్శ తగ్గినవారు, రక్తప్రసరణ సరిగా లేనివారు డాక్టరును అడగకుండా దీన్ని వాడకూడదు. మంట తెలియకుండానే పుండు పడుతుంది.

రెండోది క్రయోథెరపీ. మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ ఉండే ద్రవ నైట్రోజన్‌ను పులిపిరి మీద కొన్ని సెకన్లు చల్లి గడ్డకట్టిస్తారు. ఒకటి రెండు రోజుల్లో నీటిపొక్కు లేచి, తర్వాత ఎండి రాలుతుంది. రెండు మూడు వారాలకోసారి చొప్పున కొన్నిసార్లు చేయించుకోవాలి. నొప్పి ఉంటుంది కాబట్టి చిన్నపిల్లలు తట్టుకోలేరు. గోటి మొదట్లో లోతుగా గడ్డకట్టిస్తే గోటి మూలం దెబ్బతింటుంది. అందుకే గోళ్ల దగ్గర దీన్ని సున్నితంగా, తక్కువసేపు వాడతారు.

మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా ఇస్తున్నది ఇమ్యునోథెరపీ. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు పిల్లలకిచ్చే ఎంఎంఆర్ టీకాను కానీ, విటమిన్ డి3ని కానీ రెండు మూడు వారాలకోసారి పెద్ద పులిపిరిలోకి ఎక్కిస్తారు. శరీరం వాటికి స్పందించే క్రమంలో పక్కనే ఉన్న వైరస్‌నూ గుర్తిస్తుంది. ఈ పద్ధతిలో సూది వేయని పులిపిర్లు కూడా రాలిపోవచ్చు, మచ్చ పడదు. చాలా పులిపిర్లు ఉన్నవారికి, గోటి మూలాన్ని కాపాడుకోవాల్సినవారికి ఇది అనువైనది. ఎంఎంఆర్ సజీవ టీకా కాబట్టి గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వరు. పులిపిరిలోంచే చిన్న ముక్క తీసి, ముంజేతి చర్మం కింద నాటి శరీరానికి గుర్తుచేసే పద్ధతినీ కొందరు నిపుణులు పాటిస్తారు.

దేనికీ లొంగనివాటికి బ్లియోమైసిన్ ఇంజెక్షన్ ఉంది. ఇది క్యాన్సర్ మందు. కొద్ది మోతాదులో పులిపిరిలోకే ఎక్కిస్తారు. బాగా పనిచేస్తుంది కానీ నొప్పి తీవ్రం, గోరు ఊడవచ్చు. కొందరికి తర్వాత చలి తగిలితే వేళ్లు తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు పనికిరాదు. కరెంటుతో కాల్చడం, కార్బన్ డయాక్సైడ్ లేజర్ చివరి మార్గాలు. గోటి కింద దాగినదాన్ని తీయాలంటే వేలికి మత్తిచ్చి గోటిలో కొంత భాగం తొలగించాల్సి వస్తుంది. మచ్చ, గోటి వైకల్యం, తిరగబెట్టడం అనే మూడు చిక్కులూ వీటిలో ఉన్నాయి. ఏ పద్ధతిలో చేసినా కొన్ని పులిపిర్లు మళ్లీ వస్తాయి. కంటికి మామూలుగా కనిపించే పక్క చర్మంలోనూ వైరస్ ఉండటమే కారణం.

సొంత వైద్యాలు

సున్నం, చాకలిసోడా కలిపి పెట్టడం, జిల్లేడు పాలు రాయడం, అగరొత్తితో కాల్చడం, వెంట్రుక బిగించి కట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఇవి చర్మాన్ని కాల్చేస్తాయి. పులిపిరి ఎంత ఉందో అంతవరకే కాల్చి ఆగవు, గోటి మూలందాకా పోతాయి. జిల్లేడు పాలు పొరపాటున కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బ్లేడుతో కోసుకుంటే గోరుచుట్టు మీద రోకటిపోటే. రక్తంతోపాటు వైరస్ పక్కకు పాకుతుంది, చీము పడుతుంది. పులిపిర్లకు పేరుపడ్డ థూజాతో సహా హోమియో మందులను 1992లో కెనడాలో అరికాలి పులిపిర్ల మీద పరీక్షించారు. మందు లేని ఉత్తి మాత్రలకన్నా అవి మెరుగ్గా పనిచేయలేదు. ఇలాంటివి వాడినప్పుడు పులిపిరి పోయిందని చెప్పేవారిలో చాలామందికి అది దానంతటదే పోయి ఉంటుంది.

పాకకుండా ఉండాలంటే

పులిపిరి ఉన్నవారు గోళ్లు కొరకడం, తోలు లాగడం మానాలి. గోళ్ల కత్తెర, తువ్వాలు విడిగా పెట్టుకోవాలి. పులిపిరిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఈ వైరస్ ఆల్కహాల్ శానిటైజర్‌కు సులువుగా లొంగదు. నీళ్లలో పనిచేసేవారు గ్లవుజులు వేసుకుని, పని అయ్యాక చేతులు పొడిగా తుడుచుకుని కొబ్బరినూనో క్రీమో రాసుకుంటే చర్మం పగలదు. మ్యానిక్యూర్ చేయించుకునేవారు గోటి మొదట్లోని పొరను కత్తిరించవద్దని చెప్పాలి, పనిముట్లు శుభ్రం చేశారో లేదో చూసుకోవాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ఈ పులిపిర్ల రకాలకు ఉద్దేశించినది కాదు, వీటి కోసం దాన్ని వేయించుకోవాల్సిన పనిలేదు.

పైకి గరుకు తగ్గినంత మాత్రాన పులిపిరి పోయినట్టు కాదు. నల్ల చుక్కలు మాయమై, తెగిపోయిన చర్మపు గీతలు మళ్లీ కలిసినప్పుడే చికిత్స ఆపాలి. ఆ తర్వాత కూడా కొన్ని నెలలపాటు ఆ వేలిని గమనిస్తూ ఉండాలి. అదే చోట చిన్న బుడిపె లేచిన వెంటనే చికిత్స మొదలుపెడితే అది గోటి కిందికి పాకకముందే తగ్గించవచ్చు.