గ్రహణాన్ని తయారుచేసే యంత్రం

తునిలోనైనా మచిలీపట్నంలోనైనా సూర్యగ్రహణమంటే పట్టు, విడుపు వేళలు చూసుకుని, ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, తలుపులు మూసుకోవడం మన కోస్తాలో పాత అలవాటు. కరోనాను చూడాలనుకునే శాస్త్రజ్ఞులకు ఒకప్పుడు ఆ కాసేపే గతి. సూర్యబింబం చుట్టూ పరుచుకునే ఈ పలుచని పొర వెలుగు, బింబం వెలుగులో పదిలక్షల వంతు మాత్రమే. చంద్రుడు బింబాన్ని పూర్తిగా కప్పితే తప్ప కంటికి ఆనదు. 1868 ఆగస్టు 18న మచిలీపట్నంలో ఖగోళ శాస్త్రజ్ఞుడు పాగ్సన్, గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ దుర్భిణులు బిగించుకుని కాచుకున్నది అందుకే. నిండు చీకటి ఆరు నిమిషాలు కూడా నిలవలేదు. అయితే బింబం అంచున ఎగసిపడే జ్వాలల వర్ణపట రేఖలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే జాన్సెన్ గుంటూరులో వాటిని మళ్లీ పట్టుకున్నాడు. కరోనా మాత్రం లొంగలేదు. 1930ల్లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బెర్నార్డ్ లియో దుర్భిణి లోపలే బింబానికి అడ్డుపెట్టి కృత్రిమ గ్రహణం పుట్టించాడు; ఆ పరికరమే కరోనాగ్రాఫ్. కొండశిఖరం మీదికెక్కినా గాలి చెదరగొట్టే వెలుగు అతణ్ని పూర్తిగా వదల్లేదు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన ఇస్రో ఉపగ్రహం ఆదిత్య-ఎల్1ను ఈ వరసలో చూడాలి. సూర్యుడి దగ్గరికి వెళ్లిందని చాలామంది అనుకుంటారు. వెళ్లింది 15 లక్షల కిలోమీటర్లు. సూర్యుడున్నది 15 కోట్ల కిలోమీటర్లలో. నూటికి ఒక వంతు! ఈ భాగ్యానికి అంత దూరమెందుకు అన్న ప్రశ్న సబబే. మొదట్లో ఇస్రో కూడా ఒకే పరికరంతో, 800 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే చిన్న ఉపగ్రహాన్నే తలపెట్టింది. సూర్యుడికీ భూమికీ నడుమ ఉండే ఎల్1 బిందువు దగ్గరైతే రాత్రి లేదు, గాలి లేదు, భూమి అడ్డు రాదు. అక్కడ గిట్టుబాటయ్యేది దగ్గరతనం కాదు, ఎడతెగని చూపు.

ఆ చూపు ఆదిత్యలోని వీఈఎల్‌సీ అనే 190 కిలోల కరోనాగ్రాఫ్‌ది. రెండో అద్దం నడిమి రంధ్రంలోంచి బింబం వెలుగు బయటికి జారిపోతుంది, కరోనా వెలుగు మాత్రం పరికరంలో ముందుకు సాగుతుంది. అద్దం మీద నలుసు పడినా బింబం వెలుగు చెదిరి కరోనాను ముంచేస్తుంది. అందుకే బెంగళూరు దగ్గర హోస్కోటెలోని శుభ్రగదిలో దీన్ని బిగించినవాళ్లు తల నుంచి కాలి దాకా తొడుగులు వేసుకున్నారు. అత్తరు పూసుకోవడం కూడా నిషిద్ధం. (దర్భ వేయకపోయినా మడి తప్పలేదన్నమాట.) రాకెట్ ఎగిరిన గంటకే ఉపగ్రహం విడివడింది, ఈ మడి ఏళ్లపాటు సాగింది.

అమెరికా, ఐరోపాల సోహో నౌక 1996 నుంచీ ఎల్1 దగ్గరే ఉందిగా, మళ్లీ మనదెందుకని అడగవచ్చు. బింబం అంచు దగ్గర చూసే సోహో దుర్భిణి 1998లో మూగబోయింది. మిగిలినవాటి చూపు రెండు సౌరవ్యాసార్ధాల దగ్గర మొదలవుతుంది. వీఈఎల్‌సీది 1.05 దగ్గరే. సౌరతుపానులు ఊపందుకునేది ఆ నడిమి చోటే. అవి భూమిని చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. 1989 మార్చిలో అలాంటి తుపానే కెనడాలోని క్యూబెక్‌ను గంటల తరబడి చీకట్లో ముంచింది. తుని దిగువ తీరాన జీపీఎస్ నమ్ముకుని వేటకెళ్లే పడవకూ ఈ లెక్క వర్తిస్తుంది: అయనోమండలం కలతపడితే తెరమీద చూపే చోటు తప్పుతుంది. 2024 జనవరి 6న ఆదిత్య తన కక్ష్యలో కుదురుకుంది. నిమిషానికొక బొమ్మ చొప్పున రోజుకు 1,440 పంపేలా వీఈఎల్‌సీని తీర్చిదిద్దారు.