గీటురాయికే పరీక్ష

ప్రోగ్రాంను నడపకుండానే చదివి, ఎక్కడ మెమరీ హద్దు దాటుతుందో, ఎక్కడ సున్నాతో భాగహారం వస్తుందో చెప్పే విశ్లేషణ పరికరాలు ప్రోగ్రామర్లకు కొత్త కాదు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రాసిన లింట్ 1970ల నాటిది. అయితే ఆ పరికరం కూడా ప్రోగ్రామే, అందులోనూ తప్పులుంటాయి. మామూలు ప్రోగ్రాంలో తప్పుంటే ఎప్పుడో ఒకప్పుడు ఎవరికో ఒకరికి కనబడుతుంది. విశ్లేషణ పరికరంలో తప్పుంటే అది "ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు" అనే హామీ రూపంలో బయటికొస్తుంది, మనం నమ్మేస్తాం. కాబట్టి దాన్ని పరీక్షించే పనిని మనిషి ఊహకు మాత్రమే వదిలెయ్యకూడదు, యంత్రానికి అప్పగించాలి.

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో గీటురాయిని నమ్మొచ్చో లేదో తేల్చాలంటే వన్నె తెలిసిన బంగారం గీసి చూడొచ్చు. ప్రోగ్రాంల దగ్గర ఆ వన్నె తెలిసిన బంగారమే కరువు. లక్ష కొత్త ప్రోగ్రాంలు పుట్టిస్తే వాటికి సరైన జవాబులు ఎవరు రాసిపెడతారు? ఈ చిక్కు విడిపోయిన తీరు ఎంత చూసినా తనివి తీరదు. ఫ్రాన్సులో సీఈఏ, ఇన్రియా సంస్థల నుంచి వచ్చిన ఫ్రామా-సీ, సీ ప్రోగ్రాంలో ఏ చోట ఏ చరరాశి ఏ విలువలు తీసుకోగలదో లెక్కగడుతుంది. ఎక్స్ విలువ 0 నుంచి 10 దాకా ఉంటే, దాన్ని రెట్టించి ఒకటి కలిపిన వై 1 నుంచి 21 దాకా ఉంటుందని చెబుతుంది. ఆ పరిధి కావలసినదానికంటే వెడల్పుగా ఉన్నా ఫరవాలేదు, ఇరుకు మాత్రం కాకూడదు. కిటుకంతా ఇందులోనే ఉంది. అదే ప్రోగ్రాంను కంపైల్ చేసి నడిపితే వై 23 అని వచ్చిందనుకోండి. సరైన జవాబు ముందే ఎవరికీ తెలియనక్కర్లేదు, విశ్లేషణో కంపైలరో రెండింట్లో ఒకటి తప్పిందని ఖాయం.

ప్రోగ్రాంలు పుట్టించే పని యూటా విశ్వవిద్యాలయంలో జాన్ రెగర్ బృందం తయారుచేసిన సీస్మిత్‌ది. కంపైలర్ల తప్పులు పట్టడానికి పుట్టిన పరికరమిది. పాయింటర్లు, బిట్‌ఫీల్డులు, ఒకదానిలో ఒకటి దూరిన షరతులు యాదృచ్ఛికంగా కలిపేస్తుంది కానీ, సీ ప్రమాణం అర్థం చెప్పని పని ఒక్కటీ రానివ్వదు. భాగహారం రాసే ముందు భాజకం సున్నా కాదని చూసే కాపలా కూడా తానే రాస్తుంది. ప్రోగ్రాం చివర గ్లోబల్ చరరాశులన్నింటినీ కలిపి ఒకే చెక్‌సమ్ అచ్చవుతుంది. బయటినుంచి ఇన్‌పుట్ ఏదీ లేదు కనుక దానికి సరైన విలువ ఒక్కటే. 2012లో ప్రకటించిన ఫలితం ప్రకారం, అప్పటికే బాగా పండిన ఫ్రామా-సీలో ఈ పద్ధతికి 50 తప్పులు దొరికాయి, వాటిని సరిదిద్దారు కూడా.

అలాంటి వింత ప్రోగ్రాంలు నిజంగా ఎవరు రాస్తారు అని అడగొచ్చు. 2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ఐఫోన్లను పడగొట్టిన ఉదంతం దీనికి జవాబు. మనం రోజూ రాసే జ్ఞానం, విజ్ఞానం వాటినేమీ చెయ్యలేదు. ఞ వత్తుకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక విభజన సంకేతం చేరినప్పుడే అప్లికేషన్లు కూలాయి. మామూలుగా ఎవరూ టైపు చెయ్యని ఆ వరుస ఒక్క మెసేజిలో వచ్చిపడితే చాలు. మనిషి రాసే పరీక్షలు మనిషికి తోచినంత మేరకే వెళ్తాయి, తప్పులకు ఆ కట్టుబాటు లేదు. మరి సీస్మిత్‌ను ఎవరు పరీక్షిస్తారన్న ప్రశ్నా న్యాయమైనదే. ఫ్రామా-సీతో చేసిన ఆ పోలికల్లోనే సీస్మిత్ తప్పులు కూడా కొన్ని బయటపడ్డాయి. వేర్వేరు చేతులు కట్టిన రెండు పరికరాలు విభేదించినప్పుడు నేరం ఎటువైపు ఉన్నా వెలుగులోకి వస్తుంది.

పరీక్షలతో తప్పు ఉందని చూపగలం కానీ లేదని చూపలేమన్న కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా మాట నిజమే. పరిధి అనవసరంగా వెడల్పై ఉత్తుత్తి హెచ్చరికలు వచ్చిపడితే ఈ పద్ధతి పట్టుకోలేదు. 2015లో వెరాస్కో అనే విశ్లేషకానికి గణిత నిరూపణే ఇచ్చారు. అది గొప్ప పని, అయితే ఎంతో నైపుణ్యం అడిగే పని. నిరూపణ లేని పరికరాలే ఇంకా ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. వాటిని పరీక్షించడానికి సీస్మిత్, ఫ్రామా-సీ, తప్పు చూపే ప్రోగ్రాంను నాలుగైదు వరుసలకైనా కుదించే సీ-రెడ్యూస్, అన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంలోనో సీ నేర్చుకున్న విద్యార్థి ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో వీటిని రాత్రంతా నడిపి, తెల్లారేసరికి తేలిన తేడాను కుదించి ఆ పరికరం రాసినవాళ్లకే పంపొచ్చు.