వాసన చూస్తే ఊహలు పుడతాయా?

మీ నాన్నగారో, అక్కయ్యో ఆఫీసు పనిని ఇంటి దగ్గరే చేసుకోవడం మీరు చూసే ఉంటారు. 2020లో కరోనా వచ్చినప్పటినుంచి ఇది చాలామందికి అలవాటయింది. అలాంటి కొందరి బల్లమీద ఒక చిన్న పాత్ర మంచులాంటి తుంపర చిమ్ముతూ ఉంటుంది. అందులో నాలుగు చుక్కలు నిమ్మగడ్డి నూనె వేస్తే కొత్త కొత్త ఆలోచనలు వస్తాయని అమ్మేవారు చెబుతారు. ఇందులో నిజమెంత?

ముందు ఆ నూనె సంగతి చూద్దాం. నువ్వుల నూనెలా ఇది గానుగలో ఆడితే వచ్చేది కాదు. నిమ్మగడ్డిలోంచి నీటి ఆవిరిని పంపితే, దానితోబాటు సుగంధ పదార్థాలూ లేచి వస్తాయి. ఆవిరిని చల్లబరిస్తే నీరు కిందికి దిగి, నూనె పైకి తేలుతుంది. కాగితంమీద నువ్వుల నూనె ఒక చుక్క, ఈ నూనె ఒక చుక్క వేసి చూడండి. మొదటిది మరకగా నిలిచిపోతుంది. రెండోది చాలామటుకు ఎగిరిపోతుంది. జిడ్డు మరక అలాగే మిగిలితే, అందులో మరో నూనె కలిసిందేమోనని అనుమానించవచ్చు!

ఎగిరిన అణువులు మన ముక్కు పైభాగంలోని గ్రాహకాలను తాకుతాయి. ఇవి సుమారు 400 రకాలు. వీటి గుట్టు విప్పినందుకే రిచర్డ్ ఏక్సెల్, లిండా బక్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. అక్కడినుంచి వాసన కబురు జ్ఞాపకాలకూ, ఉద్వేగాలకూ సంబంధించిన మెదడు భాగాలకు దగ్గరి దారిన చేరుతుంది. కలరా ఉండల వాసన తగలగానే అమ్మమ్మగారి ట్రంకుపెట్టె గుర్తు రావడం అందుకే. అయితే మనసు కదలడం వేరు, కొత్త ఊహ పుట్టడం వేరు.

ఇక్కడొక చిక్కుంది. అమెరికాలోని వయొమింగ్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పిన ఎడ్విన్ స్లాసన్ 1899లో ఒక తమాషా ప్రయోగాన్ని ప్రకటించాడు. ఆయన తరగతిలో సీసాలోని ద్రవాన్ని దూదిమీద పోసి, వాసన తగలగానే చేతులెత్తమన్నాడు. 15 సెకన్లలో ముందు వరసలో చాలా చేతులు లేచాయి. 40 సెకన్లకు 'వాసన' గది చివరిదాకా పాకింది! నాలుగింట మూడు వంతుల మంది తమకూ తగిలిందన్నారు. ముందు వరసవారు కొందరు భరించలేక లేచిపోబోతే ప్రయోగం ఆపవలసివచ్చింది. ఇంతకీ సీసాలో ఉన్నది స్వేదనజలం.

మరి బల్లమీది నూనె పనిచేస్తోందా, మన నమ్మకం పనిచేస్తోందా? మీరే పరీక్షించండి. కొబ్బరిచిప్పతో ఏమేం చెయ్యవచ్చో 3 నిమిషాల్లో తోచినన్ని రాయమని స్నేహితుణ్ణి అడగండి. గిల్‌ఫర్డ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఊహాశక్తిని కొలిచిన పద్ధతి ఇలాంటిదే. రోజుకొక కొత్త వస్తువు ఇవ్వండి. బొమ్మా బొరుసూ వేసి, బొమ్మ పడితే నిమ్మగడ్డి నూనె, బొరుసు పడితే వాము మూట దగ్గర పెట్టండి. దేనికోసం చేస్తున్నారో అతనికి ముందుగా చెప్పవద్దు. జవాబులు లెక్కపెట్టేవారికి అది ఏ వాసన రోజు కాగితమో తెలియకూడదు. కనీసం 20 రోజులు చెయ్యండి. రెండు రోజుల్లో తేలిపోయిందంటే మాత్రం నేను నమ్మను.

నూనె పెద్దల ఎదుటనే వాడండి. దూదిమీద ఒక్క చుక్క చాలు. నాలుకకు తగలనివ్వకండి, చర్మానికి నేరుగా రాయకండి. నీలగిరి తైలంలాంటివి కొద్దిగా మింగినా చిన్నపిల్లలకు ప్రాణాపాయం కలగవచ్చు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే నూనె జోలికి పోకండి. స్లాసన్ గారిలా ఉత్త నీళ్లతోనే చేసి చూడండి.