సేవాయాత్రలో చివరి రోజు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు, మేము కొందరు సోదరులతో కలిసి సహాయానికి వెళ్ళాము. బియ్యం, దుప్పట్లు పంచి, ఇళ్ళలోని బురద ఎత్తిపోశాము. చివరి రోజుకు రెండు బాధ్యతలు మిగిలాయి.

మొదటిది లెక్క. ప్రజలు నమ్మి ఇచ్చిన ప్రతి రూపాయీ అమానతు. మిగిలిన సొమ్మును మా అమీర్ అందరి ఎదుట లెక్కించి, ఆ బాధితులకే కేటాయించారు. తిరుగు ప్రయాణపు ఖర్చు ఎవరిది వారే భరించాము.

రెండవది ఫోటోలు. దుప్పటి అందుకుంటున్న ఒక వృద్ధురాలు, సెల్‌ఫోను చూడగానే కొంగుతో ముఖం కప్పుకున్నది. సహాయం పొందినవారి ముఖాలు కనిపించే చిత్రాలన్నింటినీ బయలుదేరే ముందే చెరిపివేయించాము. చేసిన మేలును ఎత్తిపొడవటం, మనసు నొప్పించటం దానాన్ని వ్యర్థం చేస్తాయని దివ్య ఖుర్ఆన్ (అల్ బఖరా: 264) హెచ్చరిస్తున్నది. నోటితో ఎత్తిపొడిచినా, చిత్రంతో చాటినా ఆ గాయం ఒక్కటే.

దైవప్రవక్త (స) ప్రయాణం నుండి తిరిగి వచ్చినప్పుడు ముందుగా మస్జిద్‌కు వెళ్ళి రెండు రకాతుల నమాజు చేసేవారు. మేమూ ఆ సున్నత్‌ను పాటించి ఇళ్ళకు చేరాము.

సోదర సోదరీమణులారా! ఇల్లు చేరగానే యాత్ర ముగుస్తుంది గాని దానం ముగియదు. ఎవరికి ఏమిచ్చామో చెప్పుకోకుండా నాలుకను కాపాడుకోవటం కూడా దానంలో భాగమే. అల్లాహ్ మన సేవను స్వీకరించుగాక!