సెకనులో ఎనిమిదో వంతు

బెంగళూరు శివార్లలోని యలహంక వైమానిక స్థావరంలో సుమారు రెండేళ్లకోసారి జరిగే ‘ఏరో ఇండియా’ ప్రదర్శన 1996లో మొదలైంది. యుద్ధవిమానాలను అమ్మేవారు, కొనేవారు, వినోదం కోసం వచ్చేవారు కాక, బరువైన లెన్సులు భుజాన వేసుకొని రోజంతా ఎండలో నిలబడే ఛాయాగ్రాహకులు కూడా అక్కడికి పెద్ద సంఖ్యలో చేరుతారు. మామూలు రోజుల్లో కెమెరా పైకెత్తడానికైనా వీల్లేని సైనిక స్థావరం ఆ కొద్ది రోజులే వారికి తలుపు తెరుస్తుంది; 2025 ఫిబ్రవరిలో రష్యా సు-57, అమెరికా ఎఫ్-35 ఒకే ప్రాంగణంలో కనిపించినట్టు, మరెక్కడా జతపడని విమానాలను కూడా అప్పుడప్పుడు అది వారి ముందుంచుతుంది. దూరం నుంచి చూసేవారికి ఇది ఖరీదైన పరికరాల వ్యవహారంగా తోస్తుంది గానీ, పరికరం ఎంత గొప్పదైనా కోణాల లెక్క తెలియని చేతిలో, గాలి స్వభావం తెలియని కంటి ముందు అది చేయగలిగేది చాలా తక్కువ.

ముందుగా కోణాల సంగతి చూడాలి. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానం సెకనుకు 222 మీటర్లు దాటుతుంది. అది 300 మీటర్ల దూరంలో ప్రేక్షకుల ఎదుట అడ్డంగా సాగిపోయే క్షణంలో, దానిని వెంబడించే చూపు సెకనుకు 42 డిగ్రీల చొప్పున తిరగవలసి ఉంటుంది. ఇలాంటి ప్రదర్శనల్లో ఎక్కువగా కనిపించే 400 మిల్లీమీటర్ల లెన్స్, 36 మిల్లీమీటర్ల వెడల్పున్న సెన్సర్ ముందు నిలిచినప్పుడు, ఆకాశంలో అడ్డంగా 5 డిగ్రీలకు కాస్త మించిన మేరను మాత్రమే చూడగలదు. అంటే 300 మీటర్ల దూరంలో 27 మీటర్ల వెడల్పు. దాదాపు 22 మీటర్ల పొడవుండే సుఖోయ్-30 ఆ చట్రాన్ని ఇంచుమించు నింపేస్తే, 15 మీటర్ల రఫేల్ సగానికి కాస్త ఎక్కువ ఆక్రమిస్తుంది. కెమెరాను కదల్చకుండా పట్టుకుంటే, విమానం ముక్కు ఒక అంచున కనిపించి రెండో అంచు దాటడానికి పట్టే సమయం సెకనులో ఎనిమిదో వంతు మాత్రమే.

అందుకే విమానంతో పాటే కెమెరానూ తిప్పుతూ మీట నొక్కే పద్ధతి తప్పనిసరి అయింది. దీనినే ప్యానింగ్ అంటారు. చేయి తిరిగినవారు విమానం అత్యంత దగ్గరగా వచ్చే చోటు వైపు పాదాలను ముందే నిలిపి, మోచేతులను పక్కటెముకలకు ఆనించి, ఎడమ అరచేతిని లెన్స్ కింద ఉంచి, నడుము నుంచి పైభాగాన్ని మాత్రం విమానం వచ్చే దిక్కుకు మెలితిప్పి ఉంచుతారు. విమానం దగ్గరవుతున్న కొద్దీ ఆ మెలిక దానంతటదే విడుతుంది కాబట్టి, కోణీయ వేగం గరిష్ఠమయ్యే క్షణానికి శరీరం అత్యంత స్వేచ్ఛగా ఉంటుంది. పాదాలను విమానం వచ్చే వైపు పెట్టినవారికి సరిగ్గా అదే క్షణంలో నడుము పట్టేస్తుంది. కొత్తవారిని చెవి కూడా మోసం చేస్తుంది. కిలోమీటరు దూరం నుంచి ధ్వని చేరడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది, ఈలోగా విమానం 650 మీటర్లు జరిగిపోతుంది. అందువల్ల మోత వినిపించిన దిక్కున వెతికే చూపు ఎప్పుడూ ఆలస్యంగానే చేరుతుంది.

ఇంత దూరం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఒక విషాదంలో ఉంది. 1988 ఆగస్టు 28న పశ్చిమ జర్మనీలోని రామ్‌స్టైన్ స్థావరంలో ఇటలీ వైమానిక బృందం విమానాలు ఢీకొని, వాటిలో ఒకటి జనం మీద పడగా 70 మంది మరణించారు. ఆ తర్వాత అనేక దేశాలు ప్రేక్షకుల వైపు దూసుకొచ్చే విన్యాసాలను కట్టడి చేసి, కనీస దూరాలను కఠినతరం చేశాయి. పొడవైన లెన్స్ అవసరమూ, విమానాలు ఎక్కువగా పక్కనుంచే కనిపించడమూ ఈ నిబంధనల పర్యవసానాలే; చిత్రం కోసం వీటిని సడలించాలని కోరుకోవడం ఎవరికీ తగని పని.

షట్టర్ వేగం, అంటే సెన్సర్ మీద వెలుతురు పడే కాలం, జెట్ విమానాలకు సెకనులో వెయ్యో వంతు నుంచి రెండు వేలో వంతు వరకు ఉంటే చాలు. హెలికాప్టర్లకు ఇదే కొలత వాడితే చిత్రం పాడవుతుంది. నిమిషానికి సుమారు 300 సార్లు తిరిగే రోటర్, సెకనులో రెండు వేలో వంతు కాలంలో ఒక్క డిగ్రీ కూడా కదలదు కనుక, నెమలి రంగులతో ఎగిరే సారంగ్ బృందపు ధ్రువ్ హెలికాప్టర్ ఇంజన్ ఆగి ఆకాశంలో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. అదే 125వ వంతుకు తగ్గిస్తే రెక్కలు 14 డిగ్రీల మేర చెరిగిపోయి చలనం తెలుస్తుంది, అయితే చేయి వణికితే హెలికాప్టరంతా చెరిగిపోయే ప్రమాదాన్ని కూడా భరించాలి. ఇక ఎక్స్‌పోజర్ విషయంలో కెమెరా తనంతట తాను చేసే లెక్కను నమ్మకూడదు. చట్రంలో అధిక భాగం వెలుగుతున్న ఆకాశమే కావడంతో అది మొత్తం దృశ్యపు వెలుతురును తగ్గించి, బూడిద రంగు యుద్ధవిమానాన్ని నల్లటి ముద్దగా మారుస్తుంది. ఫిబ్రవరి మధ్యలో యలహంకలో మధ్యాహ్న సూర్యుడు దాదాపు 64 డిగ్రీల ఎత్తున ఉంటాడు కాబట్టి విమానపు అడుగు భాగం ఎలాగూ నీడలోనే ఉంటుంది.

ఇదంతా సరిగా చేసి, ప్రతి రివెట్టూ లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా తీసిన చిత్రం కూడా చాలాసార్లు నిర్జీవంగా ఉండిపోతుంది. ఖాళీ నీలాకాశం ముందు నిలిచిన విమానానికీ, బల్ల మీది నమూనాకూ తేడా చూపించేది గాలి ఒక్కటే. విమానం ముక్కెత్తి పదునుగా మలుపు తిరిగినప్పుడు రెక్కల పైభాగాన పీడనం హఠాత్తుగా పడిపోతుంది. అక్కడి గాలి వ్యాకోచించి చల్లబడుతుంది. దాని ఉష్ణోగ్రత తుషార స్థానం కన్నా, అంటే గాలిలోని ఆవిరి నీటి బిందువులుగా మారే ఉష్ణోగ్రత కన్నా దిగువకు చేరితే రెక్కల మీద తెల్లటి మబ్బు క్షణకాలం పుట్టి మాయమవుతుంది. తేజస్, రఫేల్ వంటి త్రికోణ రెక్కల విమానాల మీద ఈ మబ్బు రెక్క ముందంచు వెంట సుడులుగా లేవడం కనిపిస్తుంది. ఇటువంటి చిత్రాల్లో జగద్విఖ్యాతమైనది 1999 జులై 7న పసిఫిక్ మహాసముద్రం మీద, కాన్‌స్టెలేషన్ విమానవాహక నౌక నుంచి అమెరికా నౌకాదళానికి చెందిన జాన్ గే తీసినది. హార్నెట్ విమానం చుట్టూ తెల్లటి శంకువు ఏర్పడిన ఆ దృశ్యాన్ని ధ్వని వేగాన్ని దాటుతున్న క్షణంగా లోకం చెప్పుకుంటూ వచ్చింది గానీ, తేమ తగినంత ఉంటే అటువంటి శంకువు ధ్వని వేగానికి దిగువనే ఏర్పడగలదు. యలహంక సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటం, ఫిబ్రవరిలో అక్కడి గాలి పొడిగా ఉండటం వల్ల ఈ మబ్బును ఉదయపు విన్యాసాల్లోనే ఎక్కువగా ఆశించవచ్చు. ఎండ ముదిరాక రన్‌వే మీద లేచే వేడిగాలి కాంతికిరణాలను వంచి, దూరపు విమానాన్ని అలలుగా చెదరగొడుతుంది. దానిని సరిచేసే లెన్స్ ఏదీ లేదు.

ఈ దృష్టితో చూస్తే విశాఖపట్నం ఆర్కే బీచ్ ఒక వరం. అనేక సంవత్సరాలు నౌకాదళ దినోత్సవమైన డిసెంబరు 4న అక్కడ జరిగిన విన్యాసాల్లో సముద్రపు తేమ సమృద్ధిగా ఉండేది, ఆగ్నేయం వైపు చూసే ఆ తీరంలో సాయంకాలపు సూర్యుడు ప్రేక్షకుల వెనుక కుడివైపుకు చేరేవాడు. పొద్దు వాలాక మిగ్-29కె ఆఫ్టర్‌బర్నర్ వెలిగిస్తే, అంటే ఇంజన్ నుంచి వెలువడే వేడి వాయువుల్లోకి మరికొంత ఇంధనం చిమ్మి మండిస్తే, మిట్టమధ్యాహ్నం కంటికి ఆనని ఆ జ్వాల అప్పుడు ఎర్రగా బయటపడుతుంది. వెలుతురు తగ్గినందువల్ల నెమ్మదించక తప్పని షట్టర్ వేగమే ఆ మంటకు మరింత నిడివినిస్తుంది.

1996లో బీదర్ కేంద్రంగా ఏర్పడి, ఇప్పుడు తొమ్మిది ఎరుపు తెలుపు హాక్ విమానాలతో ఎగిరే సూర్యకిరణ్ బృందం చేసే ఎదురెదురు విన్యాసం అందరూ కోరుకునే చిత్రం. గంటకు 700 కిలోమీటర్ల చొప్పున రెండు విమానాలు ఎదురైతే, సెకనుకు 20 చిత్రాలు తీసే కెమెరాలో కూడా ఒక చిత్రానికీ మరో చిత్రానికీ మధ్య వాటి పరస్పర స్థానం 19 మీటర్లు మారిపోతుంది. హాక్ పొడవు 12 మీటర్లే కావడంతో, రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి పడిన క్షణం రెండు చిత్రాల నడుమ జారిపోవచ్చు. నిజానికి ఆ రెండూ ఒకే గీత మీద ఎగరవు. ఒకటి ముందు, ఒకటి వెనుకగా, భద్రమైన ఎడంతో పోయే వాటిని దూరం నుంచి చూసే కన్నూ, పొడవైన లెన్సూ ఒక్కచోట కలిపి చూపిస్తాయి. ఆ ఎడం ప్రదర్శన స్థలపు మధ్యబిందువు నుంచి చూసేవారికి కనిపించకుండా కూర్చినది. కిలోమీటరు పక్కకు నిలబడినవారికి విమానాలు కలిసే చోటు మారిపోయి, విన్యాసం వెలితిగా తోస్తుంది. అనుభవజ్ఞులైన ఛాయాగ్రాహకులు ఖరీదైన లెన్స్ కన్నా ముందుగా ఆ మధ్యబిందువు దగ్గర చోటు కోసం పొద్దున్నే ద్వారాల వద్ద బారులు తీరడానికి కారణం ఇదే.