తీగ తెగేదాకా ఆగుదామా?

నూర్పిడి మిషను ఆడేటప్పుడు ట్రాక్టరు సీట్లో ఎవరూ ఉండరు. ఇంజను వేగాన్ని నిలిపేది చేతి యాక్సిలేటరే. దాని పిడిని డీజిలు పంపుకు కలిపే తీగ పాత బండ్లలో దుమ్మూ తుప్పూ పట్టి, పోగు పోగుగా తెగుతుంది. ఒక్కోసారి తొడుగులోనే పట్టేస్తుంది. అప్పుడు పిడి తగ్గించినా ఇంజను తగ్గదు. వేగంగా తిరిగే మిషను పనను గుంజుకుంటుంది. పన వెంట ఉండేది కూలీ చెయ్యి!

"ఈ పంట గడవనీరా" అంటాడు ఆసామి. తీగ ఖరీదూ, చెయ్యి ఖరీదూ ఒకటేనా అని మేమడుగుతున్నాం.

మార్చడం బ్రహ్మవిద్యేం కాదు. ఇంజను ఆపి చల్లారనివ్వాలి. తీగ పోయిన దారి గుర్తుపెట్టుకోవాలి. పంపు లీవరు దగ్గర బిగింపు వదులుచేసి, పిడి దగ్గర తీగ తలను తప్పించి లాగెయ్యాలి. తీగా, తొడుగూ పాతవాటి పొడవే ఉండాలి. కొత్తది సైలెన్సరుకు తగలకుండా, మెలిక పడకుండా వెయ్యాలి. పిడి పూర్తిగా తగ్గిస్తే పంపు లీవరు స్లో స్క్రూకు ఆనాలి. పూర్తిగా పెంచితే అవతలి కొసకు చేరాలి. కాలి యాక్సిలేటరు తొక్కి వదిలితే దానంతటదే వెనక్కి రావాలి. ఇంజను ఆపే నాబు పనిచేస్తుందో లేదో మొదటే చూడాలి. వేగం తగ్గకపోతే మనల్ని కాపాడేది అదే.

డ్రైవరన్నలారా, కూలీ అక్కచెల్లెళ్లారా! తీగ మార్చందే మిషను దగ్గరికి రామని అందరూ ఒక్కమాటగా చెప్పండి. ఖర్చు ఆసామిదే. బాగుచేసినంతసేపూ మన కూలి మనకు రావాల్సిందే.